కాటా చీటీ మీద ఎవరి పేరు?

*అరకు కాఫీ ప్యారిస్ వీధికి వెళ్లింది, పార్లమెంటు క్యాంటీన్‌కూ వెళ్లింది. ఆ రుచిని పండు పండుగా ఏరి తెచ్చే ఆడవాళ్ల పేరు మాత్రం తోట గట్టు దాటడానికి ఇంకా తంటాలు పడుతోంది. మన్యం కాఫీ వెనక ఉన్న చేతుల గురించే ఈ కథనం.*

తెల్లారి ఎనిమిదవుతోంది. డుంబ్రిగుడ వైపు కొండవాలు మీద ఇంకా ఎండ పొడ రాలేదు. సిల్వర్ ఓక్ ఆకుల మీంచి మంచునీళ్లు బొట్లుబొట్లుగా రాలుతున్నాయి. చీర కుచ్చిళ్లు ఎగదోపి, నడుముకు గుడ్డసంచి బిగించుకుని ఐదారుగురు ఆడవాళ్లు కాఫీ వరసల్లోకి దిగారు. వేళ్లు కొంకర్లు పోయే చలి. అయినా ఎవరి చేతికీ తొడుగు లేదు. తొడుగు వేసుకుంటే పండు పక్వం చేతికి తెలియదు.

ఒకే గుత్తిలో అన్ని వయసుల కాయలూ ఉంటాయి. పచ్చివి, పసుపు తిరిగినవి, ఎర్రబారినవి, కొమ్మ మీదే నల్లగా ఎండినవి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఎర్ర పండును ఒక్కటంటే ఒక్కటే పట్టి, కాస్త మెలిపెట్టి లాగుతారు. బాగా పండితే నొక్కగానే తొక్క జారి, తియ్యటి జిగురులో తడిసిన జంట గింజలు బయటికొస్తాయి. గట్టిగా ఉంటే ఇంకో వారం పది రోజులు ఆగాల్సిందే. కొత్తగా కాపరానికొచ్చిన పిల్ల గుత్తి మొత్తం దూసేయబోతే పక్క వరసలోంచి కేక వినపడుతుంది: “పచ్చివి తెంపకొదినా! కాటా కాడ మళ్లీ మనచేతే ఏరిస్తారు.”

పచ్చి కాయలు కలిస్తే కాఫీకి వగరు పట్టుకుంటుంది. బాగా ముగ్గినవి కలిస్తే పులుపు వాసన కొడుతుంది. అందుకే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఒకే మొక్క దగ్గరికి నాలుగైదుసార్లు వెళ్లాలి. ముందుగా పండినవి ఒకసారి, అసలు కోత రెండు మూడుసార్లు, చివర్న మిగిలిన కాయంతా దులపడం, ఆ తర్వాత నేల మీద రాలినవి ఏరుకోవడం. యంత్రం ఎక్కలేని ఏటవాలు తోటల్లో ఇదంతా చేతి పనే. ఆ చేతుల్లో ఎక్కువ ఆడవాళ్లవే.

కొండ దిగి ఢిల్లీ దాకా

కొన్నేళ్లుగా అరకు కాఫీ ఏదో ఒక వంకతో వార్తల్లో ఉంటూనే ఉంది. 2017లో ప్యారిస్‌లో అరకు పేరుతోనే దుకాణం తెరుచుకుంది. మరుసటి ఏడు అక్కడే ప్రి ఎపిక్యూర్ పోటీలో బంగారు పతకం వచ్చింది. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023లో ఢిల్లీ జీ20 సదస్సుకు వచ్చిన దేశాధినేతలకు ఇచ్చిన కానుకల పెట్టెలో ఈ పొడి ఉంది. 2024 జూన్‌లో ప్రధాని ‘మన్ కీ బాత్’లో దీని ప్రస్తావన వచ్చింది. 2025 మార్చిలో ఏకంగా పార్లమెంటు ఆవరణలోనే స్టాళ్లు పెట్టారు.

అదే ఏడాది వానాకాలంలో మరో కబురు వచ్చింది. కాయతొలుచు పురుగు అరకు తోటల్లో కనపడిందని. పొగడ్త, గుబులు రెండూ ఒకే ఏట వచ్చిపడ్డాయి. రెండు సందర్భాల్లోనూ చర్చ అంతా బ్రాండు గురించి, ధర గురించి, ఎగుమతి గురించి సాగింది. తోటలో పని ఎవరు చేస్తున్నారు, డబ్బు ఎవరి చేతికొస్తోంది, భూమి ఎవరి పేరున ఉంది అనే మాట పెద్దగా పైకి రాలేదు.

పోడు నుంచి కాఫీ నీడకు

తూర్పు కనుమల్లో కాఫీ మొదటి మొక్క ఇప్పటిది కాదు. 1898లో పాములేరు లోయలో బ్రాడీ అనే ఇంగ్లీషువాడు నాటాడని చెబుతారు. అక్కడి నుంచి పుల్లంగి, గూడెం కొండలకు పాకింది. అప్పట్లో అది దొరల సరదా పంటే. కొండ జనం బతుకు మాత్రం పోడు మీద నడిచేది. కొంత అడవి నరికి, కాల్చి, చోళ్లు, సామలు, కందులు చల్లుకుని, రెండు మూడేళ్లకు మరో వాలుకు మారేవారు.

1882 మద్రాసు అటవీ చట్టం ఆ పోడు మీద ఆంక్షలు పెట్టింది. కొండ జనం చేత రోడ్డు పనికి వెట్టి చేయించుకోవడం దానికి తోడైంది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గూడెం మన్యం కదలడానికి ఈ రెండూ పెద్ద కారణాలు. నూరేళ్ల తర్వాత, 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఆయన పేరుతోనే జిల్లా ఏర్పడింది. ఇప్పుడు ఆ జిల్లాకు పేరు తెస్తున్నది పోడు వాలుల మీద పెరిగిన కాఫీయే.

1960ల్లో అటవీ శాఖ కొండల మీద కాఫీ నాటించింది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ (జీసీసీ) 1970ల నుంచి గిరిజన రైతుల చేతనే తోటలు వేయించడం మొదలుపెట్టింది. తర్వాత పాడేరు ఐటీడీఏ, కాఫీ బోర్డు ఆ పనిని విస్తరించాయి. గూడెం కొత్తవీధి మండలం ఆర్.వి.నగర్‌లో కాఫీ పరిశోధన కేంద్రం ఉంది. ముందు నీడ కోసం సిల్వర్ ఓక్ నాటాలి. అవి ఎదిగాక వాటి కింద కాఫీ పెట్టాలి. ఓక్ బోదెలకు మిరియాల తీగ పాకించాలి. కాఫీ కాపుకొచ్చేసరికి మరో మూడు నాలుగేళ్లు. అంతకాలం ఇల్లు గడిచేది మెట్ట పంటల మీద, సంతలో అమ్ముకునే పిప్పళ్లు, పసుపు, చింతపండు మీద, అడ్డాకుల మీద.

ఈ కాలమంతా మొక్కలను బతికించింది ఎవరని అడిగితే జవాబు ఇంట్లోనే ఉంది. గుంటలు తవ్వడం, చెట్ల కొమ్మలు నరికి నీడ సరిచేయడం, మిరియాలకు నిచ్చెన ఎక్కడం మగవాళ్ల వంతు. కలుపు తీయడం, మొదళ్లకు ఆకు చెత్త కప్పడం, పండ్లు కోయడం, ఏరడం, కడగడం, ఆరబోయడం ఆడవాళ్ల వంతు. మొదటి రకం పనులు ఏడాదిలో కొన్నాళ్లు ఉంటాయి. రెండో రకం ఏడాది పొడుగునా ఉంటాయి.

> ఒక కప్పు లెక్క
>
> ● వంద కిలోల అరబికా పండ్లు కోస్తే తొక్క తీసి, కడిగి, ఎండబెట్టాక మిగిలేది 20 కిలోల పార్చ్‌మెంట్. దాని పైపొర కూడా తీస్తే 16 కిలోల పచ్చి గింజ. వేయించాక తూకం ఇంకా తగ్గుతుంది.
>
> ● పండుకు మామూలుగా రెండు గింజలు. ఒక కప్పు ఫిల్టర్ కాఫీకి పట్టే పది గ్రాముల పొడి కోసం సుమారు 40 పండ్లు కోయాలి.
>
> ● అరబికాకు 15 నుంచి 24 డిగ్రీల చల్లదనం నప్పుతుంది. అరకు తోటలు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్లు, ఆపైన ఎత్తున ఉన్నాయి.
>
> ● పాడేరు డివిజన్‌లోని 11 మండలాల్లో 2 లక్షల ఎకరాలకు పైగా కాఫీ ఉంది. ఎక్కువ కుటుంబాలకు ఉన్నది ఒకటి రెండెకరాలే.

కోతతో పని తీరదు

మధ్యాహ్నం మూడింటికి తలమీద బస్తాతో కొండ దిగితే పని అయిపోయినట్టు కాదు. అరబికా పండు కోసిన రోజే తొక్క తీయాలి. రాత్రికి అలాగే ఉంచితే సంచిలోనే పులిసిపోతుంది. ముందు పండ్లను నీళ్లలో పోస్తారు. తేలినవి తాలు, పక్కకు తీసేస్తారు. మునిగినవాటిని చేత్తో తిప్పే చిన్న పల్పర్‌లో పోస్తే ఒకవైపు ఎర్ర తొక్క, మరోవైపు జిగురు గింజ పడతాయి.

ఆ జిగురు నీళ్లతో కడిగితే పోదు. గింజలను తొట్టిలోనో బకెట్‌లోనో ఒక రోజు, చలి ఎక్కువైతే ఒకటిన్నర రోజు పులియబెట్టాలి. ఎప్పుడు ఆపాలో చెప్పే యంత్రం పల్లెల్లో లేదు. గుప్పెడు గింజలు తీసి నీళ్లలో రెండు చేతుల మధ్య రుద్ది చూస్తారు. జారిపోతుంటే ఇంకా కాలేదు. గులకరాళ్లు రాసుకున్నట్టు గరగరమంటే అయిపోయింది. గంటల తరబడి ఆలస్యమైతే గింజకు కుళ్లు వాసన అంటుకుంటుంది, ఏడాది కష్టం ఆ తొట్టిలోనే పోతుంది. అందుకే అర్ధరాత్రి లేచి చేయి పెట్టి చూసే ఇల్లాళ్లు ఉంటారు.

తర్వాత మూడు నాలుగు కడుగుళ్లు. ఆ నీళ్లన్నీ గెడ్డ నుంచో, ఊరి కుళాయి నుంచో మోసుకు రావాలి. ఎండబోయడానికి బరకం పరవాలి. వీలున్నచోట నేలకు ఎత్తుగా వల కట్టిన బల్లలు వాడతారు. గంటగంటకూ గింజను తిరగేయాలి, పొద్దుగూకితే మంచు పడకుండా కప్పాలి, తేమ పది పదకొండు శాతానికి దిగేదాకా కోళ్ల నుంచి, మేకల నుంచి కాపాడాలి. ఈ వారం పది రోజుల్లో వంట, పిల్లలు, కట్టెలు, పశువులు ఎక్కడికీ పోవు.

పార్చ్‌మెంట్‌గా అమ్మితే ధర ఎక్కువ. పండును తొక్కతోనే ఎండబెట్టి ‘చెర్రీ’గా అమ్మితే తక్కువ. తేడా తెలిసి కూడా చాలామంది చెర్రీకే మొగ్గుతారు. దాన్ని రైతు అవగాహన లోపం కింద కొట్టిపారేయడం తేలిక. ఇంట్లో నీళ్లు మోసే మనిషి ఒక్కతే అయినప్పుడు అది లోపం కాదు, లెక్క. ఊరికి దగ్గర్లో పల్పింగ్ యూనిట్ పెట్టి పండునే కొనుక్కుంటే ఆమె రాత్రి నిద్ర ఆమెకు మిగులుతుంది, కాఫీ నాణ్యత కూడా అన్ని బస్తాల్లో ఒకేలా వస్తుంది. చింతపల్లి, పాడేరు ప్రాంతాల్లో ఇలాంటి యూనిట్లు వచ్చాయి. హైదరాబాద్‌లోని నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో 2007లో ఏర్పడిన అరకు చిన్న, సన్నకారు గిరిజన రైతుల సహకార సంఘం కూడా పండునే సేకరించి, ఒకేచోట శుద్ధి చేస్తుంది. ప్యారిస్‌కు వెళ్లిన కాఫీ ఆ దారిలో వెళ్లిందే.

సంతలో కాటా, న్యూయార్క్‌లో ధర

కొండ మీద డబ్బుకు కటకట వానాకాలంలో. నాట్లు, పిల్లల చదువులు, జ్వరాలు అన్నీ అప్పుడే. కాఫీ చేతికొచ్చేది చలికాలంలో. ఈ రెండింటి మధ్య నెలల్లో అప్పు పెట్టే షావుకారు పంట తనకే తూయాలని షరతు పెడతాడు. బియ్యానికో, పెళ్లికో తెచ్చిన అప్పు కోత నాటికి బస్తాల లెక్కలోకి మారుతుంది. కాటా ఆయనదే, లెక్కా ఆయనదే. జీసీసీ పుట్టిందే ఈ దళారీ పట్టును వదిలించడానికి. ఏటా సీజన్‌కు ముందు అది కొనుగోలు ధర ప్రకటిస్తుంది. ఆ ధర కాగితం మీద ఉండటం వల్లే ప్రైవేటు వ్యాపారి మరీ కిందికి దిగలేకపోతున్నాడు.

అసలు ధర నిర్ణయమయ్యేది మాత్రం సంతలో కాదు. అరబికాకు ప్రపంచ ధర న్యూయార్క్ ఎక్స్ఛేంజిలో తేలుతుంది. బ్రెజిల్‌లో కరవొస్తే ఇక్కడ రేటు ఎక్కుతుంది, అక్కడ పంట విరగకాస్తే ఇక్కడ పడిపోతుంది. 2024 కరవు తర్వాత 2025 ఫిబ్రవరిలో అరబికా పౌండు ధర నాలుగు డాలర్లు దాటి రికార్డు సృష్టించింది. మన్యం రైతుకూ ఆ ఏడు మంచి రేటే పలికింది.

రేటు పెరిగిన ఏడాది ఇంట్లో ఆ డబ్బు దేనికి వెళుతుందనేది, అది ఎవరి ఖాతాలో పడిందన్న దాని మీద చాలావరకు ఆధారపడుతుంది. పండు మోసుకొచ్చి కాటా మీద పెట్టేది ఆమె. చీటీలో రైతు పేరు అడిగితే చెప్పేది పెనిమిటి పేరు. తోట ఆయన పేరున ఉంటే డబ్బూ ఆయన ఖాతాకే పోతుంది. మన్యం ఒక్కచోటే ఇలా లేదు. అంతర్జాతీయ కాఫీ సంస్థ 2018 నివేదిక ప్రకారం ప్రపంచ కాఫీ పనిలో 70 శాతం దాకా ఆడవాళ్లదే. వాళ్లు నడిపే తోటలు 20 నుంచి 30 శాతం. భూమి, అప్పు, శిక్షణ మూడూ వాళ్లకు తక్కువగా అందుతున్నాయని ఆ నివేదిక తేల్చింది.

> పెరూలో, రువాండాలో
>
> ఉత్తర పెరూ కొండల్లో కాఫీ పండించే ఆడవాళ్లు 2003-04 ప్రాంతంలో ఒక చిన్న పట్టు పట్టారు. తమ పండును మగవాళ్ల పండుతో కలపొద్దని, విడిగా తూచి, విడిగా అమ్మాలని. అలా పుట్టింది ‘కఫే ఫెమెనినో’. ఆ కాఫీకి కొనుగోలుదారులు ఇచ్చే అదనపు సొమ్ము నేరుగా ఆడవాళ్లకే వెళుతుంది. తర్వాత ఈ పద్ధతి ఇతర దేశాలకూ పాకింది.
>
> రువాండాలో 1994 నరమేధం తర్వాత ఎన్నో కొండల మీద తోటలు విధవల చేతుల్లో మిగిలాయి. అంతకుముందు కాఫీ మగవాళ్ల పంట. చెట్టు పెంపకం, అమ్మకం కొత్తగా నేర్చుకున్న ఆడవాళ్లు సంఘాలుగా కూడి, పండు కడిగే కేంద్రాల ద్వారా నాణ్యమైన కాఫీ మార్కెట్లో అడుగుపెట్టారు. నరమేధంలో చెరోవైపు ఉన్న రెండు వర్గాల విధవలు ఒకే సంఘంలో పక్కపక్కన కూర్చుని పండ్లు ఏరుకునే ఊళ్లు అక్కడున్నాయి.

చట్టంలో జంట పేర్లు

కాగితం మీద మన చట్టం వెనకబడి ఏమీ లేదు. 2006 అటవీ హక్కుల చట్టం పెళ్లయిన వాళ్లకు ఇచ్చే పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలని సూటిగా చెప్పింది. ఒంటరి మనిషి ఇల్లు నడుపుతుంటే ఆ మనిషి పేరునే ఇవ్వాలంది. పోడు భూముల్లో వేసిన కాఫీ తోటలకు ఇదే ఆధారం. 1970 నాటి ఒకటి బై డెబ్బై నియంత్రణ గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా కాపు కాస్తోంది. 1997 సమతా తీర్పు ప్రైవేటు గనుల కోసం ఏజెన్సీ భూములు లీజుకివ్వడాన్ని అడ్డుకుంది. 2015లో చింతపల్లి వైపు బాక్సైట్ తవ్వకాలకు జీవో 97 వచ్చినప్పుడు మన్యం భగ్గుమంది. కాఫీ తోటలు పోతాయన్న భయమే ఊళ్లను రోడ్డు మీదికి తెచ్చింది. 2019లో ఆ జీవో రద్దయింది. ఊరి భూమిని నిలబెట్టుకోవడానికి ఆడా మగా కలిసే కూర్చున్నారు.

ఊరి లోపల, ఇంటి లోపల భూమి దగ్గరికొచ్చేసరికి లెక్క మారుతుంది. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. కూతురికి వాటా ఉందా అన్నది ఆచారానికే వదిలేశారు. ఆచారంలో ఎక్కువగా కొడుకులకే. 2025 జులైలో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు కీలకమైన మాట చెప్పింది. ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారం ఉందని రుజువు చేయలేనప్పుడు వాళ్లకూ సమాన వాటా ఇవ్వాల్సిందేనని. మన్యంలో పెనిమిటి పోయాక తోటలోంచి బయటికి నెట్టే ప్రయత్నాలు ఎదుర్కొనే ఆడవాళ్లకు ఈ తీర్పు పట్టుకోదగిన కొమ్మ. అయితే అది వాళ్ల ఊరి దాకా, వాళ్ల భాషలో చేరాలి.

పట్టాలో పేరు లేకపోతే పోయేది గౌరవం ఒక్కటే కాదు. బ్యాంకు అప్పు రాదు. రాయితీ పల్పర్ రాదు. తుపాను నష్టపరిహారం జాబితాలో చోటుండదు. కాఫీ శిక్షణకు పిలుపు కూడా ‘రైతు’కే వస్తుంది. పులియబెట్టడం గురించి చెప్పే పాఠం, ఎన్నడూ తొట్టిలో చేయి పెట్టని మనిషి విని వస్తాడు.

పురుగొచ్చినా, తుపానొచ్చినా

కాయతొలుచు పురుగు ఒకటిన్నర మిల్లీమీటర్ల నల్లటి పెంకు పురుగు. కాయ బొడ్డు దగ్గర సన్నటి బెజ్జం పెట్టి లోపలికి దూరి, గింజలోనే గుడ్లు పెడుతుంది. పిల్లలు గింజను తినేస్తాయి. ఎగిరి ఇంకో కాయకు చేరేది ఆడ పురుగే, మగదానికి ఎగిరే శక్తి లేదు. మనదేశంలో ఇది మొదటిసారి 1990లో నీలగిరి జిల్లా గూడలూరులో కనపడింది. తర్వాత కర్ణాటక, కేరళ తోటలను పీడించింది. తూర్పు కనుమలు చాలాకాలం దీన్నుంచి తప్పించుకున్నాయి.

మందు కొడితే లోపలున్న పురుగు చావదు. చేతనయ్యే పని ఒక్కటే, శుభ్రత. కోత ముగిశాక చెట్టు మీద ఒక్క కాయ మిగలకూడదు, నేల మీద ఒక్క పండు ఉండకూడదు. రాలిన కాయలో పురుగు వచ్చే కాపు దాకా బతికి కూర్చుంటుంది. పురుగు పట్టిన కాయలను మరిగే నీళ్లలో ముంచాలి. మద్యసారం వాసనతో పురుగును లాగే ఉచ్చులు కట్టాలి. అంటే కోతల చివర్లో వంగి వంగి నేల ఏరే ఆ పని, ఇంతకాలం ఒకసారి చేసి వదిలేసినది, ఇకమీద గింజ గింజకూ చేయాలి. ఆ పని ఎవరి నడుము మీద పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ పనికి కూలి కట్టకుండా కేవలం ‘రైతులు జాగ్రత్తలు పాటించాలి’ అంటే పురుగు కొండ దిగదు.

ప్రకృతి దెబ్బ ఈ తోటలకు కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను అనంతగిరి, అరకు కొండల మీద నీడ చెట్లను విరిచి పడేసింది. కూలిన ఓక్‌ల కింద కాఫీ మొక్కలు నలిగాయి. నీడ పోయిన మొక్కలు ఎండకు వాడిపోయాయి. కొత్త చెట్టు ఎదిగి నీడ పట్టడానికి ఏళ్లు పట్టింది. మార్చి, ఏప్రిల్‌లో మల్లెపూల వాసనతో తోట తెల్లబడాలంటే ఆ రోజుల్లో ఒక మంచి జల్లు పడాలి. ఆ జల్లు ముందే పడినా, ఆలస్యమైనా గుత్తులు ఒక్కసారిగా పండవు. ఒకసారి పండకపోతే కోతకు తిరిగే రోజులు పెరుగుతాయి. మబ్బు మారితే ఆమె నడక పెరుగుతుంది.

అడగాల్సింది పెద్దదేమీ కాదు

కాఫీ మన్యానికి మేలు చేయలేదనడం అన్యాయం. పోడు కోసం అడవి కాల్చే అవసరం తగ్గింది. మిరియాలు తోడై ఒక ఎకరం మీద రెండు ఆదాయాలొచ్చాయి. సంతలో పిల్లల పుస్తకాలు, ఇంటి పైకప్పు రేకులు కాఫీ డబ్బుతో కొన్న ఇళ్లు ఊరూరా ఉన్నాయి. ఇప్పుడు మరిన్ని ఎకరాలకు తోటలు విస్తరించే మాటలు నడుస్తున్నాయి. విస్తరించబోయే ప్రతి ఎకరానికీ కోసే చేతులు మళ్లీ ఆ ఇంటివే.

అందుకే ఎకరాల లక్ష్యంతో పాటు మూడు చిన్న పనులు కలిపి పెట్టుకోవాలి. తోట కొత్తగా నమోదు చేసేటప్పుడు, పాతవి సరిచేసేటప్పుడు చట్టం చెప్పినట్టే ఇద్దరి పేర్లూ రాయాలి. నీళ్లున్న ప్రతి పంచాయతీకి అందేలా పల్పింగ్ యూనిట్లు పెట్టి, వాటిని డ్వాక్రా సంఘాల చేత నడిపించాలి. కాఫీ శిక్షణ పిలుపులో భార్య పేరు ముందు రాయాలి. పెరూ ఆడవాళ్లలా విడిగా తూచిన కాఫీని విడిగా అమ్మితే అదనపు ధర ఇచ్చే కొనుగోలుదారులు లోకంలో ఉన్నారు. ‘అరకు’ అన్న పేరుకు ఇంత గిరాకీ ఉన్నప్పుడు అరకు ఆడవాళ్ల కాఫీ అన్న పేరుకు లేకుండా పోదు.

వీటిలో భూమి మీద పేరు ఎక్కించడానికి సర్వేలు, సంతకాలు, ఏళ్లు పట్టొచ్చు. ఒక్కటి మాత్రం ఈ సీజన్‌లోనే చేయొచ్చు. కాటా దగ్గర రాసే చీటీ పుస్తకంలో రైతు పేరు పక్కన ‘తెచ్చినవారు’ అని ఇంకో గడి గీసి, ఆమె పేరు, ఆమె బ్యాంకు ఖాతా నంబరు రాయడం. రెండు మూడేళ్లు ఆ చీటీలు పోగైతే తోటలో ఎవరు పనిచేస్తున్నారో చెప్పడానికి వేరే సర్వే అక్కర్లేదు. అప్పు అడగడానికి, వాటా అడగడానికి ఆమె చేతిలో ఒక కాగితం ఉంటుంది. కోతలు నవంబరులో మొదలవుతాయి. చీటీ పుస్తకాలు అంతకుముందే అచ్చవుతాయి. ఆ గడి గీయడానికి సమయం ఉంది, కావాల్సింది ఒక ఆదేశం.